గుండె గురించి సరైన పద్ధతిలో కంగారుపడటం ఎలా?

మనిషి ఒంట్లో రోజుకు దాదాపు 1,00,000 సార్లు కొట్టుకుంటూ కూడా ఆ శ్రమను ఏనాడూ చెప్పుకోని అవయవం గుండె. ఏ రాత్రో ఎడమవైపు ఒత్తిగిలి పడుకున్నప్పుడు ఆ చప్పుడు ఒక్కసారి చెవిన పడిందంటే మాత్రం మనకు కాలూ చెయ్యీ ఆడదు. ఒక చేతి వేళ్లు మరో చేతి మణికట్టును వెతుక్కుంటాయి, ఆ తర్వాత అవే వేళ్లు ఫోనును వెతుక్కుంటాయి, అర్ధరాత్రి దాటాక ఫోనులో దొరికే సమాధానాలు ఉన్న కాస్త నిద్రనూ పోగొడతాయి. ఎడమవైపు పడుకున్నప్పుడు గుండె కొన ఛాతీ గోడకు మరింత దగ్గరగా జరుగుతుంది కాబట్టే ఆ చప్పుడు అంత స్పష్టంగా తెలుస్తుంది; కుడివైపు తిరిగితే చాలామందికి అది సద్దుమణుగుతుంది. ఇంత చిన్న సంగతి తెలియక తెల్లవార్లూ మేలుకునేవారిని తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

“కంగారు పడకండి” అన్న మాట విని కంగారు మానినవారిని నేను చూడలేదు కాబట్టి ఆ మాట ఇక్కడ చెప్పను. ఎలాగూ పడే కంగారును ఎక్కడ ఖర్చు చేయాలో, ఎక్కడ పొదుపు చేయాలో వివరిస్తాను. మనలో చాలామంది చప్పుడు చేసే ప్రతి లక్షణానికీ హడలిపోయి, ఏ చప్పుడూ చేయని ప్రమాదాలను ఏళ్ల తరబడి పలకరించకుండా వదిలేస్తారు. ఆ లెక్కను సరిచేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ భయం మన కాలంలో పుట్టింది కాదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో గుండెదడ, ఛాతీనొప్పి, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చిన 300 మందికి పైగా సైనికులను పరిశీలించి, జేకబ్ మెండిస్ డా కోస్టా అనే వైద్యుడు 1871లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. వారిలో చాలామంది గుండెలో చెప్పుకోదగిన జబ్బేదీ కనిపించలేదు, కానీ వారు పడిన బాధ నిజమైనది. భయం పుట్టించిన దడ కూడా దడే. ఆ సమయంలో రక్తంలోకి విడుదలయ్యే అడ్రినలిన్ గుండెను నిజంగానే వేగంగా, బలంగా కొట్టిస్తుంది. ఇంట్లో ఎవరైనా గుండె దడగా ఉందంటే “అంతా నీ ఊహ” అని కొట్టిపారేయడం మర్యాద తప్పడమే కాక, వైద్యపరంగానూ తప్పే.

నాడి చూడటం, దడను అర్థం చేసుకోవడం

అరచేతిని పైకి తిప్పి, బొటనవేలి మొదలుకు కిందుగా మణికట్టు మీద మరో చేతి చూపుడువేలినీ మధ్యవేలినీ మెత్తగా ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, ఎందుకంటే దానిలోనూ నాడి కొట్టుకుంటుంది కాబట్టి మనం లెక్కిస్తున్నది దేనినో మనకే తెలియకుండా పోతుంది. అయిదు నిమిషాలు నిశ్చలంగా కూర్చున్న తర్వాత 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేస్తే సరిపోతుంది. లయ తప్పుతున్నట్టు అనిపిస్తే నిమిషం పూర్తిగా లెక్కించాలి. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకముందే నాడి పట్టుకుని, ఆ అంకె చూసి బెంబేలెత్తి, ఆ బెంబేలుతో పెరిగిన నాడిని మళ్లీ లెక్కించేవారు చాలామంది ఉన్నారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవారిలో నిమిషానికి 60 నుంచి 100 వరకు సాధారణం. బాగా వ్యాయామం చేసేవారిలో అది 50 దాకా, కొందరు క్రీడాకారుల్లో 40 దగ్గరికి దిగినా తప్పు లేదు. ఊపిరి పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగం పుంజుకుని, వదిలేటప్పుడు నెమ్మదించడం కూడా సహజమే. ముఖ్యంగా చిన్నవయసు వారిలో ఇది వేళ్లకు స్పష్టంగా అందుతుంది.

అందరినీ ఎక్కువగా భయపెట్టే అనుభవం మరొకటి ఉంది. గుండె ఒక్క క్షణం ఆగినట్టయి, ఆ వెంటనే గుభేలుమంటుంది. నిజానికి అక్కడ జరిగేది ఏమిటంటే, ఒక స్పందన తన వంతు రాకముందే వచ్చేస్తుంది, దాని తర్వాత గుండె మామూలుకన్నా కాస్త ఎక్కువ విరామం తీసుకుంటుంది, ఆ విరామంలో గుండె గదుల్లోకి ఎక్కువ రక్తం చేరుతుంది, తర్వాతి స్పందన ఆ రక్తాన్నంతటినీ బలంగా నెడుతుంది. ఆగినట్టు అనిపించింది విరామం. గుభేలుమన్నది ఆ బలమైన స్పందన. గుండెలోని విద్యుత్ సంకేతాల నమోదు అయిన ఈసీజీని 24 గంటల పాటు తీసే హోల్టర్ పరికరాన్ని ఏ జబ్బూ లేనివారికి అమర్చి చూసినా ఇటువంటి తొందరపాటు స్పందనలు కొన్ని కనిపించడం మామూలే. నిద్ర చాలకపోయినా, మనసు బాగోలేకపోయినా, మద్యం తాగినా అవి పెరగవచ్చు.

దడతో పాటు స్పృహ తప్పినా, తప్పబోతున్నట్టు అనిపించినా, ఛాతీలో నొప్పి గాని ఊపిరందకపోవడం గాని ఉన్నా, పరుగు తీస్తుండగానో బరువు ఎత్తుతుండగానో దడ మొదలైనా, నాడిలో ఏ క్రమమూ దొరకనంత గజిబిజి ఉన్నా, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా మరణించి ఉన్నా వైద్యుణ్ణి కలవాలి. ఇక్కడ కంగారును పొదుపు చేయవద్దు.

ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు

ఇంగ్లండ్ వైద్యుడు విలియం హెబర్డెన్ 1768లో తోటి వైద్యుల ఎదుట చదివిన ఒక పత్రంలో గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పిని వర్ణించిన తీరుకు ఈనాటికీ పెద్దగా చేర్చవలసింది లేదు. నడుస్తుండగా, అందులోనూ ఎత్తు ఎక్కుతున్నప్పుడు, భోజనం చేసిన వెంటనే నడిచినప్పుడు ఛాతీని బిగబట్టినట్టు వచ్చి, నిలబడగానే మాయమయ్యే నొప్పి అది. నొప్పి ఎంత పదునుగా ఉందన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు. ఎప్పుడు వచ్చింది, దేనితో పోయింది అన్నవే అసలు ప్రశ్నలు. శ్రమతో వచ్చి విశ్రాంతితో కొద్ది నిమిషాల్లో తగ్గే బిగువు ఎంత చిన్నదైనా గుండె పరీక్షకు తగిన కారణమే. కోపం కూడా శ్రమ కిందికే వస్తుంది. 18వ శతాబ్దపు ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్‌కు ఇదే జబ్బు ఉండేది. తనను రెచ్చగొట్టదలచిన ఏ తుంటరి చేతిలోనైనా తన ప్రాణం ఉందని ఆయన అనేవాడని చెబుతారు. 1793లో తన ఆసుపత్రి సమావేశంలో వాగ్వాదం జరిగిన వెంటనే ఆయన కుప్పకూలి మరణించాడు.

దీనికి భిన్నంగా, ఒక వేలితో “ఇదిగో, సరిగ్గా ఇక్కడ” అని చూపించగలిగేది, ఒక్క సెకను చురుక్కుమని పోయేది, నొక్కితే పెరిగేది, ఒక పక్కకు తిరిగితే మారేది అయిన నొప్పి కండరాలదో, పక్కటెముకలు ఛాతీ మధ్య ఎముకను కలిసే చోటిదో అయ్యే అవకాశం ఎక్కువ. పిల్లల్లో, యువకుల్లో గాలి పీల్చబోతే పొడిచినట్టు వచ్చి రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే పోయే నొప్పి ఒకటి ఉంది; అది కన్నవారిని ఎంతగా భయపెట్టినా గుండెకు సంబంధించినది కాదు. అయితే ఈ గుర్తులన్నీ అవకాశాలను చెబుతాయే తప్ప హామీ ఇవ్వవు. మొదటిసారి వచ్చిన, తగ్గని నొప్పిని ఇంట్లోనే కూర్చుని తేల్చుకోవాలని ప్రయత్నించడం సరికాదు.

ఇక “గ్యాసే అయి ఉంటుంది” అనే మాట గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. అన్నవాహిక గుండెకు సరిగ్గా వెనుక నుంచి సాగుతుంది, రెండింటి బాధనూ మెదడుకు చేర్చే నాడీమార్గాలు చాలావరకు ఒకటే కావడంతో మెదడు కూడా ఆ రెండింటినీ తేల్చుకోలేక తికమకపడుతుంది. గ్యాస్ మాత్ర వేసుకుంటే తగ్గింది కాబట్టి గుండెది కాదని నిర్ధారించుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే గుండెనొప్పి కూడా మధ్యలో తనంతట తాను తగ్గుతుంది. విచిత్రమేమిటంటే, మామూలు రోజుల్లో చిన్న చురుక్కుకు కూడా హడలిపోయే మనిషే, నిజంగా ఛాతీ మీద బరువు పెట్టినట్టయి చెమటలు కారుతున్న రోజున “కాసేపు చూద్దాం” అని అసాధారణమైన నిబ్బరం చూపిస్తాడు. ఆ నిబ్బరం ప్రాణాంతకం.

ఛాతీ మధ్యలో బరువు, బిగువు లేక మంట వంటిది వచ్చి కొద్ది నిమిషాలైనా తగ్గకపోతే, లేదా తగ్గి మళ్లీ వస్తే, అది చేతులకో, దవడకో, మెడకో, వీపుకో, పొట్ట పై భాగానికో పాకితే, చల్లని చెమట, ఆయాసం, వికారం, తల తిరగడం తోడైతే వెంటనే మీ ప్రాంతపు అంబులెన్స్ నంబరుకు ఫోను చేయాలి. స్త్రీలలో, వృద్ధుల్లో, మధుమేహం ఉన్నవారిలో నొప్పి అంతగా లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే ఉండవచ్చు. సొంతంగా వాహనం నడుపుకుంటూ వెళ్లకూడదు. దారిలో గుండె లయ తప్పితే ఆదుకునే పరికరం అంబులెన్స్‌లో ఉంటుంది, మీ వాహనంలో ఉండదు. మూసుకుపోయిన రక్తనాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం బతుకుతుంది. కొన్నేళ్లుగా ఫోను నుంచి ఫోనుకు తిరుగుతున్న ఒక సందేశం, ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండమని చెబుతుంది. దయచేసి దానిని ఎవరికీ పంపకండి. దగ్గుతో పోగొట్టుకునే నిమిషాల్లో చేయవలసిన పని ఫోను చేయడం.

బీపీ మిషన్‌తో కాపురం

ఇంటికి బీపీ మిషన్ వచ్చిన మొదటి సాయంత్రం దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకే తీరుగా గడుస్తుంది. అందరూ వరుసగా కూర్చుంటారు, పట్టీ ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతుంది, అంకెలు పైకి చదవబడతాయి, ఎక్కువ వచ్చినవారిని మిగిలినవారు ఓదారుస్తారు, ఓదార్పు విన్నాక వారికి మరో పది పెరుగుతుంది. ఆ సాయంత్రపు అంకెల్లో ఒక్కటీ నమ్మదగినది కాదు.

నమ్మదగిన అంకె కావాలంటే అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగాకు, వ్యాయామం లేకుండా చూసుకోవాలి. మూత్రవిసర్జన చేసి రావాలి, నిండిన మూత్రాశయం కూడా అంకెను పెంచుతుంది. వీపుకు ఆసరా ఉన్న కుర్చీలో పాదాలు నేలకు ఆనించి, కాళ్లు ఒకదానిపై ఒకటి వేసుకోకుండా, అయిదు నిమిషాలు కూర్చోవాలి. చేతిని బల్ల మీద ఉంచి, పట్టీ గుండె ఎత్తులో ఉండేట్టు చూసుకోవాలి. చెయ్యి కిందికి వేలాడితే అంకె అబద్ధంగా పెరుగుతుంది. పట్టీని బట్టల మీద కాక నేరుగా చేతికే చుట్టాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది కనుక, కొనేటప్పుడే పై చేతి చుట్టుకొలత కొలుచుకుని దానికి తగిన పట్టీ తీసుకోవాలి. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. ఈ ఒక్క నియమమే చాలా ఇళ్లలో అన్నిటికన్నా కష్టమైనదని నాకు తెలుసు, కానీ మాటలు అంకెను పది వరకు పెంచగలవు.

నిమిషం ఎడంతో రెండుసార్లు, ఉదయం మందులు వేసుకోకముందూ సాయంత్రమూ, ఇలా ఒక వారం కొలిచి, మొదటి రోజు అంకెలను పక్కనపెట్టి మిగిలినవాటి సగటు తీయాలి. ఇంటి సగటు 135/85 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే దానిని అధిక రక్తపోటుగా పరిగణించే పద్ధతి విస్తృతంగా అమలులో ఉంది. ఆసుపత్రిలో దానికి సమానమైన అంకె 140/90. డాక్టరు ఎదుట కూర్చోగానే బీపీ పెరిగి, ఇంట్లో మామూలుగా ఉండేవారు చాలామంది ఉన్నారు. దానికి విరుద్ధంగా ఆసుపత్రిలో బాగుండి ఇంట్లో పెరిగేవారూ ఉన్నారు. వీరికి ఇంటి కొలతలు లేకపోతే జబ్బు బయటపడనే పడదు. మిగతా రోజుల్లో గంటగంటకూ కొలవవలసిన పని లేదు. రక్తపోటు రోజంతా మారుతూనే ఉంటుంది, నిద్రలో పది నుంచి ఇరవై శాతం వరకు తగ్గుతుంది, కోపంలో లేస్తుంది. అంకె 180/120 దాటితే కొన్ని నిమిషాలు కూర్చుని మళ్లీ కొలవాలి. అప్పటికీ తగ్గకపోతే అదే రోజు వైద్యుణ్ణి సంప్రదించాలి, దానితో ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం, చెయ్యి కాలు పట్టుతప్పడం వంటివి ఉంటే అంబులెన్స్‌ను పిలవాలి.

తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదని అనుకునేవారికి, తలనొప్పి వచ్చిన రోజునే మాత్ర వేసుకునేవారికి ఒక విన్నపం. రక్తపోటు సాధారణంగా ఏ లక్షణమూ చూపించదు, మాత్ర ప్రతిరోజూ వేసుకుంటేనే పనిచేస్తుంది.

చేతికి కట్టుకున్న వైద్యుడు

స్మార్ట్ వాచీ చర్మంలోకి పచ్చని కాంతి పంపి, రక్తప్రవాహంలోని హెచ్చుతగ్గులను బట్టి నాడిని అంచనా వేస్తుంది. లయ తప్పే ఒక జబ్బును, అంటే గుండె పై గదులు క్రమం లేకుండా అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను పసిగట్టడంలో దానికి నిజమైన ఉపయోగం ఉంది, ఎందుకంటే ఆ జబ్బును వదిలేస్తే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది. 4,19,297 మంది యాపిల్ వాచీ ధరించి పాల్గొన్న, 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో లయ సరిగా లేదన్న హెచ్చరిక అందుకున్నది కేవలం 0.52 శాతం మంది. ఆ హెచ్చరిక తర్వాత, ఒంటికి అంటించుకునే ఈసీజీ పట్టీని ధరించి పరిశీలనకు తిరిగి పంపినవారిలో 34 శాతం మందికి ఆ జబ్బు కనిపించింది. కాబట్టి హెచ్చరిక వస్తే డాక్టరుకు చూపించాలి, అయితే అది వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమని అనుకోకూడదు. గుండెపోటును మాత్రం వాచీ కనిపెట్టలేదు. ఛాతీ నొక్కుతున్నప్పుడు “వాచీలో అంతా బాగానే ఉంది” అని ఆగిపోకూడదు. అదే పనిగా అంకె చూసుకునే అలవాటు ఉన్నవారు నిద్రపోయేటప్పుడు దానిని తీసి మరో గదిలో పెడితే మంచిదని నా గట్టి అభిప్రాయం.

చప్పుడు చేయని వాటి సంగతి

చెవితమ్మె మీద ఏటవాలుగా గీత ఉంటే గుండెజబ్బు ఉన్నట్టేనని విని అద్దం ముందు నిలబడినవారు ఎంతోమంది. శాండర్స్ ఫ్రాంక్ అనే వైద్యుడు 1973లో ఈ గీతను గురించి రాసిన మాట నిజమే, కానీ వయసుతో పాటు చాలామంది చెవులకు గీతలు పడతాయి. చెవి మీద పెట్టే ఆ శ్రద్ధను నడుము చుట్టుకొలత మీద పెడితే ఎక్కువ ప్రయోజనం. వైద్య పరిశోధకుడు సలీమ్ యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగి 2004లో ప్రచురితమైన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, మొదటిసారి గుండెపోటు వచ్చే ముప్పులో దాదాపు 90 శాతానికి తొమ్మిది అంశాలే కారణమని తేల్చింది. పొగతాగడం, రక్తంలో చెడు కొవ్వులు, అధిక రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తగినంత తినకపోవడం, శరీరశ్రమ లేకపోవడం అందులో ఉన్నాయి. మద్యపానం కూడా ఆ లెక్కలోనిదే, అయితే ఆ అధ్యయనంలో అది ముప్పును పెంచే అంశంగా తేలలేదు. వీటిలో గుండె దడ లేదు, ఎడమ చెయ్యి తిమ్మిరి లేదు, రాత్రి వినబడే చప్పుడు లేదు.

కంగారును ఖర్చు చేయవలసిన చోటు ఇదే. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ అంకెలు మీకు నోటికి రావాలి. రాకపోతే ఈ నెలలోనే పరీక్ష చేయించుకోవాలి. తండ్రికి గాని సోదరుడికి గాని 55 ఏళ్లలోపు, తల్లికి గాని సోదరికి గాని 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చిందేమో కనుక్కుని ఆ విషయం డాక్టరుకు చెప్పాలి. పొగ మానేసిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు పొగతాగేవారితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. ఇంత త్వరగా ఇంత ఫలితమిచ్చే మరో పని నాకు తెలియదు. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించకుండా చూసుకోవాలని, వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక వంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. హెబర్డెన్ తన రోగుల్లో ఒకరు రోజూ అరగంట రంపంతో కట్టెలు కోసే పని పెట్టుకుని దాదాపు కోలుకున్నాడని ఆనాడే రాశాడు. ఇప్పటికే గుండెనొప్పి ఉన్నవారు ఎంత శ్రమ చేయవచ్చో డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

భయం మరీ పెరిగినప్పుడు, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

హఠాత్తుగా గుండె దడదడలాడి, వేళ్లు తిమ్మిరెక్కి, ఇక ప్రాణం పోతుందన్న భయం ముంచెత్తే పానిక్ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత నెమ్మదిగా దిగుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు దానిని గుండెపోటు నుంచి వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి ఆసుపత్రికి వెళ్లడమే సరి, వెళ్లినందుకు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. గుండె బాగుందని పరీక్షల్లో తేలాక మళ్లీ అదే తీరుగా వస్తే, నిమిషానికి ఆరు ఊపిరుల చొప్పున, పీల్చినదానికన్నా వదిలేదానికి ఎక్కువ సమయమిస్తూ కూర్చోవాలి. తరచూ నాడి చూసుకోవడం ఈ భయానికి మేత వేస్తుంది. చూసుకునే వేళలను ముందే నిర్ణయించుకుని, మిగతా వేళల్లో చేతులకు వేరే పని చెప్పాలి. దానివల్ల కూడా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ణి కలవాలి, ఈ సమస్యకు మంచి చికిత్స ఉంది.

పరీక్షల విషయంలోనూ నిలకడ అవసరం. మామూలు ఈసీజీ గుండె పనితీరులో సుమారు పది సెకన్లను మాత్రమే నమోదు చేస్తుంది, అది బాగున్నంత మాత్రాన రక్తనాళాల్లో అడ్డంకులు లేవని చెప్పలేము. అలాగని మనశ్శాంతి కోసం ఉన్న పరీక్షలన్నీ చేయించుకుంటే, ముప్పు తక్కువగా ఉన్నవారిలో ట్రెడ్‌మిల్ పరీక్ష లేని జబ్బును చూపించి, మరిన్ని పరీక్షలకు దారితీయవచ్చు. “ఈ ఫలితాన్ని బట్టి నా చికిత్సలో ఏమైనా మారుతుందా?” అని డాక్టరును అడగండి, మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

వెళ్లేముందు ఒక కాగితం మీద బాధ ఎప్పుడు మొదలైంది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎంతసేపు ఉంది, దేనితో తగ్గింది, ఏయే మందులు వాడుతున్నారు అన్నవి రాసుకుని, వారం రోజుల బీపీ అంకెలతో పాటు తీసుకెళ్లాలి. వీలైతే మీ గదిలో నిద్రించే మనిషిని వెంట తీసుకెళ్లండి. మీరు ఎంత గట్టిగా గురక పెడతారో, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారో లేదో మీకు తెలియదు, వారికి తెలుసు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు, మందులకు లొంగని బీపీకి, లయ తప్పే గుండెకు దగ్గరి సంబంధం ఉంది కాబట్టి డాక్టరు మీ మాటకన్నా వారి సాక్ష్యాన్నే ఎక్కువ శ్రద్ధగా వింటాడు.